ఆ రేవులో చేపకో పరీక్ష!

ఇంకా పూర్తిగా తెల్లవారదు. ఒనహామా రేవులో బోట్లు ఒకటొకటిగా వచ్చి ఆగుతాయి. రబ్బరు బూట్లు, రబ్బరు ఏప్రాన్లు వేసుకున్న మనుషులు ట్రేలు దించుతుంటారు. ఐసు కుమ్మరిస్తారు, తూకం వేస్తారు, జాతికో వరుస పెడతారు. నెత్తిమీద కొంగలూ సీగల్సూ... విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కనిపించే దృశ్యమే. తేడా ఒక్కటే. వేలం మొదలయ్యేలోపు ప్రతి జాతి నుంచీ కొన్ని చేపలు పక్కనున్న గదిలోకి వెళ్తాయి. అవి ఇక తిరిగి రావు.

ఆ గదిలో కత్తిపీటా ఉంది, సీసపు గోడల పెట్టే ఉంది. తోలు తీసి, ముల్లు తీసి, కండను కైమా కొట్టి చిన్న డబ్బాలో కూరతారు. ఆ డబ్బాను సీసపు పెట్టెలో పెట్టి మూత వేస్తారు. బయట వేలం పాటగాళ్లు ఎదురుచూస్తుంటారు. కాసేపటికి తెరమీద ఒక అంకె వస్తుంది. 25 దాటకపోతే చేపలు వేలానికి వెళ్తాయి. దాటితే మరింత నిశితంగా కొలిచే ప్రయోగశాలకు వెళ్తాయి. అక్కడ 50 దాటిందా... ఆ జాతి చేప అమ్మకం ఆగినట్టే. ఒక్క బోటుది కాదు, అందరిదీ!

ఇది జపాన్ ఈశాన్య తీరంలోని ఫుకుషిమా. ఆ అంకెలు కిలో చేపలో ఎన్ని బెకరెళ్ల సీజియం ఉందో చెబుతాయి. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే అది ఒక బెకరెల్. కంటికి కనిపించదు, వాసన రాదు, రుచి మారదు. చేపను చూసి తాజాదో కాదో చెప్పేయగల జాలరికి కూడా అంతుపట్టని సంగతి అదొక్కటే.

రెండు ప్రవాహాలు కలిసే చోట

టోక్యోలోని ఉయెనో స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే రెండు గంటలకు కాస్త పైన ఇవాకీ వస్తుంది. ఒనహామా ఆ ఊరి రేవు. దక్షిణం నుంచి వెచ్చటి కురోషియో ప్రవాహం, ఉత్తరం నుంచి చల్లటి ఒయాషియో ప్రవాహం వచ్చి ఈ తీరానికి ఎదురుగా కలుసుకుంటాయి. రెండు రకాల నీళ్లు కలిసినచోట మేత పుష్కలం. మేత ఉన్నచోట చేప పుష్కలం. అందుకే ఇక్కడి చేపలకు 'జోబన్ మోనో' అని ప్రత్యేకమైన పేరుంది. గోదావరి పులస అంటే మనవాళ్లు ఎలా చెవులు రిక్కిస్తారో, టోక్యో చేపల మార్కెట్లో ఈ పేరు వింటే వ్యాపారులు అలా తలెత్తేవారు. బల్లపరుపుగా ఉండి ఇసుకలో దాక్కునే 'హిరామే' వీటిలో రాజు. పెద్ద కళ్లతో ఆకుపచ్చగా మెరిసే 'మెహికారి' ఇవాకీ నగరపు అధికారిక చేప. ఊరికో పువ్వో పక్షో చిహ్నంగా ఉండటం మామూలే. చేపను చిహ్నంగా పెట్టుకున్న ఊరికి సముద్రం ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

2011 మార్చి 11, మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. తొమ్మిది తీవ్రతతో భూమి కంపించింది. సునామీ వస్తుందని తెలిసిన జాలరులు చాలామంది కొండలవైపు కాదు, బోట్లెక్కి సముద్రంలోకి పరుగుతీశారు. కెరటం ఒడ్డుకు చేరి విరగకముందే లోతు నీళ్లలో దాన్ని ఎదుర్కొని దాటేస్తే బోటు బతుకుతుంది. తాతల నాటి విద్య అది. ఉత్తరాన సోమా రేవువాళ్లు అలా ఎన్నో బోట్లు దక్కించుకున్నారు. తిరిగొచ్చి చూస్తే ఊళ్లే లేవు. బోట్లున్నాయి కదా, మళ్లీ వేటకెళ్లి నిలదొక్కుకుందామనుకున్నారు.

అంతలోనే దైచీ అణు విద్యుత్కేంద్రం రూపంలో రెండో దెబ్బ తగిలింది. సునామీ నీళ్లు చొచ్చుకొచ్చి కరెంటు పోయింది. చల్లబరిచే దారిలేక మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. ఏప్రిల్ 2న రెండో రియాక్టర్ దగ్గరి గుంట పగులులోంచి రేడియోధార్మిక జలం నేరుగా సముద్రంలోకి దూకుతుండటం కనిపించింది. దాన్ని ఆపడానికి ఏం పోశారో తెలుసా? నీటిని పీల్చే రసాయనపు పొడి, రంపపు పొట్టు, చింపిన వార్తాపత్రికలు! అవేవీ పనిచెయ్యలేదు. చివరకు 'వాటర్ గ్లాస్' అనే సోడియం సిలికేట్‌ను నేలలోకి ఎక్కిస్తే ఏప్రిల్ 6న ధార ఆగింది. ఆ ఒక్క పగులులోంచే 520 టన్నుల నీరు పోయిందని కేంద్రాన్ని నడిపే సంస్థ టెప్కో లెక్కగట్టింది. ఆ రోజుల్లో కేంద్రం కాలువ దగ్గర లీటరు సముద్రపు నీటిలో సీజియం-137 ఒక్కటే 68 వేల బెకరెళ్లకు చేరింది. ప్రమాదానికి ముందు ఆ తీరంలో అది లీటరుకు ఒక బెకరెల్‌లో వెయ్యో వంతో, రెండు వంతులో ఉండేది. అదీ 1950, 60లలో దేశాలు పోటీపడి పేల్చిన అణుబాంబుల చలవే.

సముద్రం పెద్దది. నీటిలోని సీజియం చాలా త్వరగా పలచబడింది. కానీ కొంత అడుగు మట్టిని పట్టుకుంది, కొంత చేపలను పట్టుకుంది. ఏప్రిల్‌లోనే 'కొనాగో' అనే సన్నటి చేపపిల్లల్లో కిలోకు 12 వేల బెకరెళ్లకు పైగా సీజియం బయటపడింది. అప్పటి తాత్కాలిక పరిమితి 500. ఫుకుషిమా తీరంలో వేట నిలిచిపోయింది. తొలి మూడు నెలల్లో ఈ తీరంలో పరీక్షించిన నమూనాల్లో సగానికిపైగా కిలోకు 100 బెకరెళ్లు దాటినవే. 2012 ఏప్రిల్ నుంచి జపాన్ ప్రభుత్వం ఆ 100నే చట్టబద్ధమైన పరిమితి చేసింది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో అది వెయ్యి. అమెరికాలో 1,200. ఫుకుషిమా జాలరుల సహకార సంఘం మాత్రం 'మాకు 100 కాదు, 50' అని తనకు తానే గీత గీసుకుంది. అమ్ముకునేవాడే తన సరుకుకు చట్టం కన్నా కఠినంగా పరీక్ష పెట్టుకోవడం అరుదైన విషయం. పెట్టుకోకపోతే కొనేవాడు లేడన్నది అసలు నిజం.

'దొరకలేదు' అంటే సున్నానా?

ఆ సీసపు పెట్టెలోని యంత్రం చెప్పే జవాబుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఒక అంకె కాదు, ఒక మాట... 'దొరకలేదు'. దాన్ని చూసి చాలామంది సున్నా అనుకుంటారు. కాదు. యంత్రం చూపుకో హద్దుంది. ఆ హద్దు 8 బెకరెళ్లయితే, 7 ఉన్నా దొరకలేదనే చెబుతుంది, ఏమీ లేకున్నా దొరకలేదనే చెబుతుంది. ఎక్కువసేపు కొలిస్తే చూపు పదునవుతుంది. కానీ హద్దును సగానికి తగ్గించాలంటే సుమారు నాలుగు రెట్ల సమయం పెట్టాలి. ఐసు కరుగుతుంటే, లారీ ఎదురుచూస్తుంటే ఆ ఓపిక ఎవరికుంటుంది?

అందుకే గణాంక శాస్త్రవేత్తలకు ఈ 'దొరకలేదు'లతో పెద్ద పేచీ. అన్నిటినీ సున్నాలుగా వేసుకుంటే సముద్రం ఉన్నదానికన్నా శుభ్రంగా కనిపిస్తుంది. హద్దు దగ్గరి అంకెగా వేసుకుంటే లేని మురికి అంటగట్టినట్టవుతుంది. రెండూ తప్పే. దొరికిన అంకెలు ఏ తీరున పరుచుకున్నాయో చూసి, దొరకనివి ఆ వరుసలో ఎక్కడుండొచ్చో అంచనా కట్టడం సరైన పద్ధతి. జపాన్ మత్స్య పరిశోధకులు ఇలా లెక్కలు వేసి 2016లో ఒక పత్రం ప్రచురించారు. ఫుకుషిమా సముద్రపు చేపల్లో పరిమితి దాటే అవకాశం బాగా పడిపోయిందని, నదులూ చెరువుల చేపల్లో అంత తేలిగ్గా తగ్గడంలేదని వాళ్లు తేల్చారు.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది. విషం పడింది సముద్రంలో అయితే ఏటి చేపలకేం రోగం? కారణం ఉప్పు. సముద్రపు చేప నిత్యం ఉప్పునీరు తాగుతూ ఎక్కువైన లవణాలను బయటకు తోసేస్తూ బతుకుతుంది. ఆ ఊపులో సీజియం కూడా పోతుంది. మంచినీటి చేపకు లవణాలే కరవు. అందిన ప్రతిదాన్నీ పొదుపుగా దాచుకుంటుంది, సీజియంతో సహా. దానికితోడు అడవుల్లో పడిన సీజియం ఆకుల్లో పురుగుల్లో చేరి ఏళ్ల తరబడి ఏటికి వస్తూనే ఉంటుంది. ఇక ఆక్టోపస్‌లు, నత్తలు ఇంకా నయం. సీజియంను ఇట్టే వదిలేస్తాయి. 2012 జూన్‌లో సోమా జాలరులు ప్రయోగాత్మక వేట మొదలుపెట్టినప్పుడు మూడే మూడు జాతులకు అనుమతి దొరికింది... రెండు రకాల ఆక్టోపస్‌లు, ఒక సముద్రపు నత్త. హిరామేల రాజ్యంలో నత్తలతో మళ్లీ బోణీ!

అడుగున తిరిగే చేపలే చాలాకాలం ఇబ్బంది పెట్టాయి. మట్టిలోని పురుగులను తినేవి, వాటిని తినేవాటిని తినేవి. శాస్త్రవేత్తలు చేప చెవిరాళ్లను తీసి చూశారు. చెట్టు మానులో ఉన్నట్టే వాటిలోనూ ఏటికో వలయం ఉంటుంది. దాన్నిబట్టి వయసు చెప్పొచ్చు. కాడ్ చేపల్లో తమాషా బయటపడింది. ప్రమాదానికి ముందు పుట్టినవాటిలో సీజియం ఎక్కువ, తర్వాత పుట్టినవాటిలో చాలా తక్కువ. పాత తరం పోయి కొత్త తరం వచ్చేకొద్దీ సముద్రం తేరుకుంటోందన్నమాట. వేట లేకపోవడంతో చేపలు పెరిగాయి కూడా. హిరామేలు లావెక్కి, సంఖ్యా పెరిగి హాయిగా తిరిగాయి. ఒడ్డున జాలరుల పరిస్థితి దానికి తలకిందులు. 2010లో ఈ తీరంలో పట్టిన చేప సుమారు 26 వేల టన్నులు. 2012లో? 122 టన్నులు.

ఆ ఒక్క చేపా ఎక్కడిది?

లెక్కలు మెల్లగా కుదురుకుంటున్న రోజుల్లో ఒక చేప అందర్నీ ఉలిక్కిపడేలా చేసింది. 2012 ఆగస్టు 1న విద్యుత్కేంద్రానికి ఉత్తరాన 20 కిలోమీటర్ల దూరంలో ఓటా నది ముఖద్వారం దగ్గర రెండు 'ఐనామే' చేపలు పట్టారు. ఆ నమూనాలో కిలోకు 25,800 బెకరెళ్ల సీజియం ఉంది. పరిమితికి 258 రెట్లు! అదే తీరంలో మిగతా ఐనామేల్లో అంకెలు చాలా తక్కువ. మరివి ఎక్కడినుంచి వచ్చాయి?

ఇక్కడే 'సగటు' ఎంత మోసకారో తెలుస్తుంది. పది ఇళ్ల వీధిలో తొమ్మిది కుటుంబాలకు నెలకు పది వేల చొప్పున, పదో ఇంటికి పది లక్షలు వస్తున్నాయనుకుందాం. వీధి సగటు ఆదాయం లక్షా తొమ్మిది వేలు. ఆ వీధిలో ఒక్కరికీ అంత ఆదాయం లేదు! చేపల్లో సీజియం కూడా అలాగే పరుచుకుంటుంది. అత్యధికం తక్కువ అంకెల దగ్గర గుమిగూడితే, ఎక్కడో ఒకటి అరా దూరంగా తోక చివర ఉంటుంది. కాబట్టి చూడాల్సింది సగటును కాదు, తోకను.

పరిశోధకులు ఈ పనే చేశారు. తీరం పొడవునా రెండు వందలకు పైగా ఐనామేలను పట్టి కొలిచారు. ఆ అంకెల పరుపులో ఓటా నది చేప లాంటిది తగిలే అవకాశమెంతో లెక్కవేశారు. దాదాపు లేనట్టే తేలింది. విద్యుత్కేంద్రం సొంత రేవులో పట్టిన చేపల అంకెలతో అదే లెక్క వేస్తే, అక్కడ అలాంటి చేప వింతేమీ కాదు. అంటే అది బయటి సముద్రంలో పెరిగింది కాదు, విద్యుత్కేంద్రం రేవులోంచి ఈదుకుంటూ వచ్చింది! చేప ఒంటిమీద చిరునామా ఉండదు కానీ, అంకెల్లో ఉంది. 2013లో ఆ రేవులోనే చిక్కిన ఒక ఐనామేలో కిలోకు 7 లక్షల 40 వేల బెకరెళ్లు తేలాయి. ఆ తర్వాత టెప్కో రేవు ముఖానికి వలలు కట్టింది. లోపల చేపలను బుట్టలు పెట్టి పట్టించింది. రేవు అడుగు మట్టి కదలకుండా సిమెంటు కలిపిన బంకమట్టితో కప్పింది.

వల కట్టినా చేప చేపే. సందు దొరికితే దూరుతుంది. 2015 వసంతం తర్వాత దాదాపు నాలుగేళ్లు ఫుకుషిమా సముద్రపు చేపల్లో ఒక్కటీ 100 దాటలేదు. 2019 జనవరిలో గాలిపటంలా పరుచుకుని ఈదే 'స్కేట్' చేపలో 161 వచ్చింది. ఏడాదికి పైగా ఆ జాతి అమ్మకం ఆగిపోయింది. 2020 ఫిబ్రవరిలో చివరి ఆంక్షా ఎత్తేశారు. హమ్మయ్య అనుకునేలోపు, 2021 ఫిబ్రవరిలో ఉత్తరాన షించి దగ్గర 'కురోసోయి' అనే రాతిచేపలో 500. మరో ఏడాదికి అదే జాతిలో 1,400. పన్నెండు నెలల కష్టానికి ఒక్క చేప అడ్డం పడుతుంది.

నిజానికి ఆ 1,400 బెకరెళ్ల చేపను కిలో తిన్నా ఒంటికి తగిలే అదనపు మోతాదు 0.02 మిల్లీసీవర్ట్‌లకు మించదు. ప్రకృతి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏటా అందేదే 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఏ మచ్చా లేని సముద్రపు చేపలో కూడా సహజంగా వచ్చే పొటాషియం-40 కిలోకు వంద బెకరెళ్ల వరకు ఉంటుంది. ఈ లెక్క శాస్త్రవేత్తను శాంతింపజేస్తుంది. పిల్లాడి కంచంలో చేపముక్క వేసే అమ్మను కాదు. ఆమెకు కావలసింది సగటు మనిషి సంగతి కాదు, ఈ ముక్క సంగతి. అది అజ్ఞానం అనడం అన్యాయం.

ఇవాకీ తల్లులు ఆ ప్రశ్నను ఎవరికో వదిలేయలేదు. 2011 నవంబరులో 'తారాచినె' అనే సొంత కొలత కేంద్రం పెట్టుకున్నారు. శాస్త్రం చదివినవాళ్లు కాదు. యంత్రాలు నేర్చుకున్నారు. కూరగాయలు, బియ్యం, చేపలు, ఇంటి దుమ్ము అన్నీ కొలిచారు. తర్వాత మరింత కష్టమైన స్ట్రాన్షియం-90, ట్రిటియంలనూ కొలవడం మొదలుపెట్టారు. మరోపక్క కొందరు ఔత్సాహికులు 'ఉమి లాబో' పేరుతో పడవ కట్టుకుని విద్యుత్కేంద్రం ఎదుటి నీళ్లలోకే వెళ్లారు. గాలాలేసి హిరామేలు పట్టారు. ఒనహామాలోని ఆక్వామెరైన్ అక్వేరియం నిపుణులు వాటిని జనం ఎదుటే కోసి కొలిచారు. సునామీలో మునిగి, నాలుగు నెలల్లో మళ్లీ తలుపులు తెరిచిన అక్వేరియం అది.

ఎన్ని చేపలు చూస్తే నమ్మాలి?

ఇదీ అసలు చిక్కు. వరుసగా 300 చేపలు పరీక్షిస్తే ఒక్కటీ పట్టుబడలేదనుకుందాం. చెడ్డ చేప లేనే లేదనొచ్చా? అనకూడదు. నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పగలిగింది ఒక్కటే... అలాంటివి నూటికి ఒకటికి మించి ఉండవు. 3,000 చూసి ఒక్కటీ దొరక్కపోతే వెయ్యికి ఒకటికి మించవు. 'లేదు' అని మాత్రం ఎప్పటికీ అనలేం. కోసి కైమా కొట్టిన చేప సంగతే ఖాయంగా తెలుస్తుంది, దాన్నేమో అమ్మలేం. అమ్మే చేప సంగతి దాని తోబుట్టువుల్ని బట్టి ఊహించాల్సిందే. ఫుకుషిమా జాలరులు పదేళ్లకుపైగా కూడబెట్టింది ఈ ఊహకు ఆధారాన్నే.

రైలు ఇవాకీ దాటి ఉత్తరానికి సాగితే తొమియోకా, ఒనో, ఫుతాబా స్టేషన్లు వస్తాయి. ఈ మార్గంలో రైళ్లు మళ్లీ పూర్తిగా తిరిగింది 2020 మార్చిలో. నమియే పట్నంలో దిగి సముద్రంవైపు వెళ్తే ఉకెదో రేవు. విద్యుత్కేంద్రానికి ఇంత దగ్గరగా ఉన్న రేవు మరొకటి లేదు, ఏడు కిలోమీటర్లలోపే. కెరటానికి కొట్టుకుపోయిన ప్రాథమిక పాఠశాలను 2021 నుంచి అలాగే ఉంచి చూపిస్తున్నారు. ఆ రోజు బడిలో ఉన్న పిల్లలంతా టీచర్ల వెంట కొండెక్కి బతికారు. రేవులో 2017కు బోట్లు తిరిగొచ్చాయి, 2020లో వేలం మళ్లీ మొదలైంది. 2021 మార్చితో 'ప్రయోగాత్మక వేట' అన్న మాట పోయింది. 2022లో తీరం మొత్తం మీద పట్టుబడి అయిదున్నర వేల టన్నులకు చేరింది. పాతదాంట్లో ఐదో వంతు.

2023 ఆగస్టు 24న విద్యుత్కేంద్రం ట్యాంకుల్లో నిల్వచేసిన శుద్ధి నీటిని సముద్రంలోకి వదలడం మొదలుపెట్టారు. వెయ్యికి పైగా ట్యాంకులు, 13 లక్షల టన్నులకు పైగా నీరు. వడపోతకు లొంగని ట్రిటియంను లీటరుకు 1,500 బెకరెళ్లకన్నా తక్కువకు పలచన చేసి, ఏటా ఇంతకు మించకూడదన్న లెక్కతో వదులుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి సూచిక 10 వేలు. అయినా అదే రోజు చైనా జపాన్ చేపలన్నిటినీ నిషేధించింది. జాలరుల సంఘాలు మొదటినుంచీ ఈ విడుదలకు ఒప్పుకోలేదు. నీటి గురించి వాళ్ల దగ్గర వేరే అంకెలేమీ లేవు. అంకెలు సరిగ్గా ఉన్నా బేరం పోతుందన్న అనుభవం మాత్రం పన్నెండేళ్లది ఉంది. విద్యుత్కేంద్రంలో ఆ నీటిలోనే హిరామేలను పెంచి, పక్కనే మామూలు సముద్రపు నీటిలో మరికొన్నిటిని పెంచి టెప్కో పోల్చి చూపింది. 2023 మేలో కేంద్రం రేవులోపల చిక్కిన ఒక కురోసోయిలో 18,000 బెకరెళ్లు వచ్చాయి. వలలు ఇంకా అక్కడ ఎందుకున్నాయో ఎవరూ అడగరు.

సీజియం-134కు రెండేళ్లకే సగం పోతుంది. అందుకే దాని గోల దాదాపు తీరింది. సీజియం-137కు 30 ఏళ్లు. 2011లో పడిన దానిలో సగం తగ్గేసరికి 2041 వస్తుంది. ఒనహామాలో ఆ గదిలోకి ఈ ఉదయం వచ్చిన ట్రేల్లో హిరామే, కాడ్, మెహికారి ఉన్నాయి. జాతికొకటి చొప్పున డబ్బాలు నిండాయి. మూతల మీద జాతి పేరు, పట్టిన చోటు, లోతు, తేదీ రాసి మొదటి డబ్బాను సీసపు పెట్టెలో పెట్టారు. బయట ఐసు మీద చేపలు వరుసగా ఉన్నాయి. టోక్యో లారీ ఇంజిన్ ఆపి ఎదురుచూస్తోంది.